క్షమాభిక్ష చట్టంలో మిగిలిన సందు: అర్జెంటీనా అమ్మమ్మలు, నానమ్మలు సాధించింది ఏమిటి?

1986 డిసెంబరులో అర్జెంటీనా పార్లమెంటు ఒక చట్టం చేసింది. సైనిక పాలనలో మనుషుల్ని ఎత్తుకెళ్ళి, హింసించి, చంపిన అధికారుల మీద కోర్టుకెక్కాలంటే ఇక అరవై రోజులే గడువు అంది. ఆరు నెలలు తిరక్కముందే ఇంకో చట్టం వచ్చింది. పైవాళ్ళ ఆజ్ఞ ప్రకారం నడుచుకున్న కిందిస్థాయి అధికారులకి శిక్ష ఉండదని దాని సారాంశం. మొదటిదాన్ని 'పుంతో ఫినాల్' (ముగింపు) చట్టమనీ, రెండోదాన్ని 'ఓబెదియెన్సియా దెబీదా' (ఆజ్ఞాపాలన) చట్టమనీ అంటారు. ఈ రెండిటితో వందలాదిమంది అధికారులు కేసుల బెడద లేకుండా బయటపడ్డారు. మిగిలిన పెద్ద తలకాయలకి 1989, 1990లలో అధ్యక్షుడు కార్లోస్ మెనెమ్ క్షమాభిక్ష పెట్టాడు. అంతా ముగిసిపోయిందనే అప్పట్లో అనుకున్నారు.

కానీ ఆ రెండు చట్టాల్లోనూ ఒక మినహాయింపు ఉంది. పసిపిల్లల్ని ఎత్తుకెళ్ళి దాచడం, వాళ్ళ పుట్టుక రికార్డులు మార్చెయ్యడం అనే నేరాలకి ఈ మాఫీ వర్తించదని రాశారు. చంటిబిడ్డని దొంగిలించడాన్ని కూడా ఆజ్ఞాపాలన కింద వదిలేస్తే జనానికి ఏం జవాబు చెప్పగలరు? ఆ మాత్రం సిగ్గు చట్టంలో మిగిలింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఆ సందులోంచే మొత్తం మాఫీ కూలిపోయింది. కూల్చింది ఏ పార్టీయో, ఏ విదేశీ ఒత్తిడో మాత్రమే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. దాని వెనక ఉన్నది మనవల కోసం వెతికిన కొద్దిమంది ఆడవాళ్ళ పట్టుదల. వాళ్ళ సంఘం పేరు 'అబ్వేలాస్ దే ప్లాసా దే మాయో', అంటే ప్లాసా దే మాయో కూడలి అమ్మమ్మలు, నానమ్మలు.

మాయం చెయ్యడం అనే పద్ధతి

1976 మార్చి 24న అర్జెంటీనా సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. సైన్యాధిపతి హోర్హె విదేలా, నౌకాదళాధిపతి ఎమీలియో మస్సేరా, వైమానిక దళాధిపతి ఒర్లాందో అగోస్తి కలిసి జుంటాగా, అంటే సైనిక పాలక మండలిగా ఏర్పడ్డారు. లెఫ్ట్ గెరిల్లాలని అణిచెయ్యడం పేరుతో మొదలుపెట్టి ట్రేడ్ యూనియన్ నాయకులు, విద్యార్థులు, టీచర్లు, జర్నలిస్టులు, మురికివాడల్లో పనిచేసే చర్చి కార్యకర్తలు, ఇలా ఎవరి మీద అనుమానం కలిగితే వాళ్ళ మీద పడ్డారు. వారెంటు లేదు, ఛార్జిషీటు లేదు, కోర్టు లేదు. ఎక్కువగా రాత్రిపూట ఆయుధాలతో మనుషులు వచ్చి ఇంట్లోంచి లాక్కుపోయేవాళ్ళు. పొద్దున్నే తల్లి పోలీసు స్టేషన్‌కి పరిగెత్తితే, అలాంటి పేరుతో మా దగ్గర ఎవరూ లేరనేవాళ్ళు. శవం కూడా చేతికొచ్చేది కాదు. మత్తుమందు ఇచ్చి, బతికుండగానే విమానంలోంచి సముద్రంలోకి తోసేశామని అదోల్ఫో సిలింగో అనే మాజీ నౌకాదళ అధికారి 1995లో స్వయంగా ఒప్పుకున్నాడు.

ప్రజాస్వామ్యం వచ్చాక వేసిన విచారణ కమిషన్ 1984లో దాదాపు 9,000 మంది మాయమైనట్టు నమోదు చేసింది. ఫిర్యాదు చెయ్యడానికి ఇంకా భయపడుతున్న రోజులవి. మానవ హక్కుల సంఘాలు చెప్పే సంఖ్య 30,000. ఈ అంకె మీద అర్జెంటీనా రాజకీయాల్లో ఇప్పటికీ గొడవ జరుగుతూనే ఉంది. అయితే లెక్క తేలకపోవడానికి కారణం లెక్క చెప్పాల్సిన సైన్యమే. రికార్డులు దాచి, శవాలు దాచి, ఈ రోజుకీ నోరు విప్పనివాళ్ళు ఉన్నంతకాలం తక్కువ అంకెని పట్టుకుని బాధితుల్ని దబాయించడం న్యాయం అనిపించుకోదు.

ఎత్తుకెళ్ళినవాళ్ళలో గర్భిణులు ఉన్నారు. చంకలో బిడ్డలతో దొరికిపోయినవాళ్ళు ఉన్నారు. బ్యూనస్ ఎయిర్స్‌లోని నౌకాదళ మెకానిక్స్ స్కూల్‌ని అందరూ 'ఎస్మా' అంటారు. అక్కడి ఆఫీసర్ల భవనంలోనే రహస్య నిర్బంధ కేంద్రం నడిచింది, పై అంతస్తులో గర్భిణుల కోసం విడిగా ఒక గది కూడా ఉండేది. కాన్పుకి నౌకాదళ డాక్టర్ వచ్చేవాడు. కాన్పయ్యాక తల్లి చేత ఇంటికి ఉత్తరం రాయించేవాళ్ళు, బిడ్డని మీ అమ్మావాళ్ళకి అప్పగిస్తాం అని నమ్మబలికేవాళ్ళు. ఆ ఉత్తరాలు ఏ ఇంటికీ చేరలేదు. తల్లిని చంపేసేవాళ్ళు. బిడ్డ ఏ సైనికాధికారి ఇంటికో, పోలీసు ఇంటికో, వాళ్ళకి తెలిసినవాళ్ళ ఇంటికో వెళ్ళేది. అక్కడ సొంత బిడ్డ పుట్టినట్టే దొంగ బర్త్ సర్టిఫికెట్ తయారయ్యేది. కాంపో దే మాయో సైనిక ఆస్పత్రిలోనూ ఇదే తంతు. ఇలా పోయిన పిల్లలు సుమారు 500 మంది ఉంటారని సంఘం అంచనా.

పిల్లల్ని ఎందుకు చంపలేదు, ఎందుకు పంచారు? దీనికి సమాధానం వాళ్ళ ఆలోచనలోనే ఉంది. బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్ర పోలీసు అధిపతిగా పనిచేసిన రామోన్ కాంప్స్ తర్వాతికాలంలో ఒక ఇంటర్వ్యూలో ఏమాత్రం దాచకుండా చెప్పాడు. విద్రోహులైన తల్లిదండ్రులు పిల్లల్ని కూడా విద్రోహులుగానే పెంచుతారు కాబట్టి దాన్ని ఆపాలన్నది అతని వాదన. అంటే బిడ్డని తీసుకెళ్ళడం వాళ్ళ దృష్టిలో యుద్ధంలో ఒక భాగం. తల్లిదండ్రుల్ని మాయం చెయ్యడంతో సరిపెట్టకుండా, వాళ్ళ జ్ఞాపకం కూడా ఎవరి నోటా రాకుండా చెయ్యాలనుకున్నారు. ఆ క్రూరత్వంలోనే వాళ్ళు లెక్కేసుకోని పొరపాటు కూడా ఉంది. పెరిగి పెద్దయ్యే బిడ్డ ఒంట్లో సాక్ష్యం కూడా పెరుగుతుంది.

బర్త్‌డే పార్టీల మాటున

1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు అధ్యక్ష భవనం ఎదురుగా ఉన్న ప్లాసా దే మాయోలో కలుసుకున్నారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అని పోలీసులు గద్దించేసరికి ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. అదే తర్వాత ప్రతి గురువారం జరిగే ప్రదర్శన అయింది. తలకి కట్టుకున్న తెల్లగుడ్డలు మొదట చంటిపిల్లలకి కట్టే డైపర్ గుడ్డలే. ఈ తల్లుల్ని కూడగట్టిన అసుసేనా వియాఫ్లోర్‌ని అదే ఏడాది డిసెంబరు 10న ఎత్తుకెళ్ళారు. అంతకుముందు తమ్ముణ్ణి పోగొట్టుకున్నానని చెప్పి ఒక యువకుడు వాళ్ళ మధ్య చేరి నమ్మకం సంపాదించాడు. అతను ఆల్ఫ్రెదో అస్తీస్ అనే నౌకాదళ అధికారి అని తర్వాత బయటపడింది. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చి అనామకంగా పూడ్చిపెట్టిన ఎముకల్లో అసుసేనావి 2005లో గుర్తుపట్టారు.

ఆ తల్లుల్లోనే కొంతమందికి రెండో దుఃఖం ఉంది. కూతురో కోడలో నిండుచూలాలుగా పోయింది, లేదా మనవరాలినే ఎత్తుకుపోయారు. 1977 అక్టోబరులో పన్నెండు మంది విడిగా సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో మరియా ఇసాబెల్ చొరోబిక్ దే మరియానిని అందరూ 'చిచా' అనేవాళ్ళు. లా ప్లాతా నగరంలో ఆమె కొడుకు, కోడలు ఉండే ఇంటి మీద 1976 నవంబరు 24న సైన్యం, పోలీసులు కలిసి దాడి చేశారు. కోడల్ని చంపేశారు. మూడు నెలల క్లారా అనాహీ కనిపించకుండాపోయింది. గోడకి పడ్డ పెద్ద రంధ్రంతో సహా ఆ ఇంటిని ఈ రోజుకీ అలాగే ఉంచారు.

వీళ్ళు ఎక్కువమంది గృహిణులు, టీచర్లు. రాజకీయాల్లో తిరిగిన అనుభవం లేదు. నిఘా ఉంటుందని తెలుసు కాబట్టి 'లాస్ వియోలేతాస్' లాంటి పెద్ద కాఫీ హోటళ్ళలో బర్త్‌డే పార్టీకి వచ్చినట్టు కలుసుకునేవాళ్ళు. ఫోన్లో కోడ్ భాష మాట్లాడుకునేవాళ్ళు, పోప్‌ని 'తెల్లమనిషి' అనేవాళ్ళు. అనాథాశ్రమాలకి, జువెనైల్ కోర్టులకి తిరిగారు. ఫలానా పోలీసు ఇంట్లో గర్భం కనబడకుండానే బిడ్డ పుట్టిందట అని ఎవరైనా చెవిన వేస్తే, ఆ వీధిలో రోజుల తరబడి కాపు కాసేవాళ్ళు. పోలీసులు చెయ్యాల్సిన దర్యాప్తు వీళ్ళే చేశారు, అదీ పోలీసుల కళ్ళుగప్పి.

మొదటి ఫలితం దేశం బయట వచ్చింది. 1976లో బ్యూనస్ ఎయిర్స్‌లో తల్లిదండ్రులతోపాటు పట్టుకుపోయిన ఉరుగ్వే అన్నాచెల్లెళ్ళు అనతోల్, విక్టోరియాలని ఆండీస్ పర్వతాలకి అవతల, చిలీలోని వాల్పరైసోలో ఒక పార్కులో వదిలేశారు. బ్రెజిల్‌లోని క్లమోర్ అనే మానవ హక్కుల బృందం సాయంతో 1979లో వాళ్ళ ఆచూకీ తెలిసింది. మూడు దేశాల సైన్యాలు చేతులు కలిపి మనుషుల్ని వేటాడుతున్నాయనడానికి ఆ ఇద్దరు పిల్లలే రుజువు. మరుసటి ఏడాది అర్జెంటీనాలోనే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు దొరికారు. వాళ్ళని పెంచిన దంపతులు ఏ పాపం ఎరగకుండా కోర్టు ద్వారా దత్తత తీసుకున్నవాళ్ళు. నిజం తెలిశాక తలుపు తెరిచి బంధువుల్ని ఇంట్లోకి ఆహ్వానించారు. పెంచినవాళ్ళందరూ ఒక్కటే అనుకోవడం సరికాదని సంఘానికి మొదటినుంచీ తెలుసు.

తల్లీ తండ్రీ లేకుండా రుజువు చెయ్యడం ఎలా?

ఫోటోలో పోలికలు కనబడితే అమ్మమ్మకి చాలు, జడ్జికి చాలవు. బిడ్డ తండ్రి ఎవరో తేల్చే రక్తపరీక్ష అప్పటికే ఉంది. ఇక్కడ చిక్కేమిటంటే పోల్చడానికి తల్లీ లేదు, తండ్రీ లేడు. ఉన్నది తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మేనమామలు, మేనత్తలు, పిన్నులు, బాబాయిలు. వాళ్ళ రక్తంతో బిడ్డని గుర్తుపట్టడం కుదురుతుందా అని ఈ ఆడవాళ్ళు దేశదేశాల్లో డాక్టర్లని అడిగారు. 1982లో న్యూయార్క్‌లో ప్రవాసంలో ఉన్న అర్జెంటీనా జన్యుశాస్త్రవేత్త విక్టర్ పెంచసాదె ఆ ప్రశ్నని తలకెత్తుకున్నాడు. అమెరికాలోనే బర్క్‌లీలో పనిచేస్తున్న జన్యుశాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ లెక్క తేల్చింది.

ఆ లెక్క వెనక సూత్రం అర్థం చేసుకోవడం అంత కష్టమేమీ కాదు. రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు మనుషుల్లో లెక్కలేనన్ని రకాలుగా ఉంటాయి. ప్రతి మనిషికీ వాటిలో ఒక సెట్టు తల్లి నుంచి, ఒక సెట్టు తండ్రి నుంచి వస్తుంది. తల్లికి వచ్చిన రెండు సెట్లు ఆమె అమ్మానాన్నల దగ్గర ఉన్న నాలుగింటిలోవే. తండ్రి వైపూ అంతే. అంటే బిడ్డ దగ్గరున్న రెండు సెట్లలో ఒకటి అమ్మమ్మ, తాతల దగ్గరా, రెండోది నానమ్మ, తాతల దగ్గరా కచ్చితంగా దొరకాలి. రెండూ దొరికితే, అవి జనాభాలో ఎంత అరుదో చూసి, ఇది యాదృచ్ఛికం అయ్యే అవకాశం ఎంతో లెక్కకడతారు. అవకాశం మరీ స్వల్పమైతే బంధుత్వం రుజువైనట్టే. అమ్మమ్మ, నానమ్మల వల్ల పుట్టిన ఆ సూచికని స్పానిష్‌లో 'ఇందిసె దె అబ్వెలిదాద్' అంటారు.

1984లో దీన్ని మొదటిసారి వాడింది పౌలా లొగారెస్ అనే ఎనిమిదేళ్ళ పాప విషయంలో. 1978 మే నెలలో ఉరుగ్వే రాజధాని మొంతెవిదెయోలో తల్లిదండ్రులతోపాటు ఆమెని పట్టుకున్నారు. ఒక పోలీసు అధికారి తన బిడ్డగా రిజిస్టర్ చేయించాడు, వయసు కూడా తగ్గించి రాయించాడు. అమ్మమ్మ ఎల్సా పవోన్ పోరాడి, బ్యూనస్ ఎయిర్స్‌లోని దురాంద్ ఆస్పత్రిలో చేసిన రక్తపరీక్షలతో ఆ ఏడాది డిసెంబరులో మనవరాలిని ఇంటికి తెచ్చుకుంది. 1987లో జాతీయ జన్యు సమాచార బ్యాంకు చట్టం వచ్చింది. ముసలివాళ్ళు ఎప్పటికీ ఉండరు కాబట్టి, వాళ్ళ రక్తాన్ని ముందే తీసి దాచడం దాని ఉద్దేశం. నమూనాలని 2050 దాకా భద్రపరచాలని నిర్ణయించారు.

తర్వాత మైటోకాండ్రియా డీఎన్ఏ పరీక్ష తోడైంది. అది తల్లి నుంచి బిడ్డకి దాదాపు మార్పు లేకుండా అందుతుంది, తండ్రి పాత్ర ఉండదు. అందుకే అమ్మమ్మ ఒక్కతే బతికున్నా, ఆమె కూడా లేక పిన్నో మేనమామో మిగిలినా పోల్చడం వీలవుతుంది. నాన్న వైపు వాళ్ళే మిగిలిన కుటుంబాలకి మాత్రం వేరే పరీక్షలు కావాలి.

ఎముకలు కూడా మాట్లాడాయి. అమెరికన్ ఫోరెన్సిక్ నిపుణుడు క్లైడ్ స్నో 1984లో వచ్చి స్థానిక విద్యార్థులకి శిక్షణ ఇచ్చాడు. సంఘం అధ్యక్షురాలు ఎస్తెలా దే కార్లొత్తో కూతురు లారాని 1978 ఆగస్టులో చంపి, ఎదురుకాల్పుల్లో చనిపోయిందని చెప్పి శవాన్ని అప్పగించారు. 1985లో సమాధి తవ్వి చూశారు. చాలా దగ్గరనుంచి కాల్చారని తేలింది, కటి ఎముకల్లో కాన్పు జరిగిన గుర్తులు కనిపించాయి. ఎస్తెలా తాను ఎవరిని వెతుకుతోందో అప్పటికి సైన్సు ఖాయం చేసింది.

మాఫీ ఎలా కూలింది?

మెనెమ్ క్షమాభిక్షలు వచ్చాక 1990ల మొదట్లో మానవ హక్కుల కేసులు నడిపే లాయర్లకి చేతిలో ఏమీ మిగల్లేదు. చంపారని రుజువులుండీ కేసు పెట్టడానికి వీల్లేదు. అమ్మమ్మల సంఘం మాత్రం ఆ మినహాయింపుని గట్టిగా పట్టుకుంది. 1996 చివర్లో ఒక పెద్ద ఫిర్యాదు దాఖలు చేసింది. పిల్లల్ని దొంగిలించడం అక్కడొకడు ఇక్కడొకడు చేసిన పని అయితే ఇన్ని కాన్పులు ఒకే పద్ధతిలో జరగవు, ఇది పైనుంచి వేసిన పథకం అని వాదించింది. 1998 జూన్‌లో విదేలాని, నవంబరులో మస్సేరాని అరెస్టు చేశారు. వేలమందిని చంపినందుకు క్షమాభిక్ష పొందిన మనుషులు పసిపిల్లల దొంగతనం కింద మళ్ళీ నిర్బంధంలోకి వెళ్ళారు.

అసలు దెబ్బ పొబ్లెతె కేసులో పడింది. హోసె పొబ్లెతె చిలీ నుంచి వచ్చిన యువకుడు, ప్రమాదంలో కాళ్ళు పోయి చక్రాల కుర్చీలో తిరిగేవాడు. అతన్నీ, భార్య గెర్త్రూదిస్‌నీ, ఎనిమిది నెలల కూతురు క్లౌదియానీ 1978 నవంబరులో ఎత్తుకెళ్ళారు. తల్లిదండ్రులు మళ్ళీ కనబడలేదు. పాప ఒక సైనికాధికారి ఇంట్లో పెరిగింది, 2000లో డీఎన్ఏ పరీక్షతో దొరికింది. ఈ కుటుంబాన్ని హింసించినవాళ్ళలో హూలియో సిమోన్ అనే పోలీసు ఉన్నాడు. చట్టం ప్రకారం, పాపని దొంగిలించినందుకు సిమోన్‌ని విచారించొచ్చు. అదే పాప తల్లిదండ్రుల్ని చిత్రహింసలు పెట్టి మాయం చేసినందుకు మాత్రం విచారించకూడదు!

2001 మార్చిలో జడ్జి గాబ్రియెల్ కవయ్యో ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపాడు. ఒకే నేరంలో చిన్న ముక్కకి శిక్ష ఉండి, పెద్ద ముక్కకి లేకపోవడం నిలబడదన్నాడు. మానవాళి మీద జరిగిన నేరాలని పార్లమెంటు మాఫీ చెయ్యలేదనీ, ఆ రెండు చట్టాలు రాజ్యాంగానికీ దేశం సంతకం చేసిన అంతర్జాతీయ ఒప్పందాలకీ విరుద్ధమనీ తీర్పిచ్చాడు. 2003లో నెస్తోర్ కిర్చ్‌నెర్ అధ్యక్షుడయ్యాక పార్లమెంటు వాటిని రద్దు చేసింది. 2005 జూన్ 14న ఇదే సిమోన్ కేసులో సుప్రీంకోర్టు వాటికి చెల్లుచీటీ రాసింది. 2006లో సిమోన్‌కి 25 ఏళ్ళ శిక్ష పడింది. అప్పటినుంచి దేశవ్యాప్తంగా వెయ్యిమందికి పైగా దోషులుగా తేలారు.

ఈ ఘనతని సాధారణంగా కిర్చ్‌నెర్ ఖాతాలో వేస్తారు. ఆయన రాజకీయ మద్దతు లేకపోతే పని ఇంత త్వరగా అయ్యేది కాదన్నది నిజమే. కానీ కవయ్యో తీర్పు వచ్చేనాటికి కిర్చ్‌నెర్ పాతగోనియాలో ఒక మారుమూల రాష్ట్ర గవర్నరు. తీర్పుకి ముడిసరుకు, అంటే ఒక పాప, ఒక రక్తపరీక్ష, చట్టంలో తెరిచి ఉన్న ఒక సెక్షన్, ఇరవై ఏళ్ళకి పైగా అమ్మమ్మలు పోగుచేసినవే. 2012 జూలైలో పిల్లల దొంగతనం ఒక పథకం ప్రకారమే జరిగిందని కోర్టు తేల్చి, విదేలాకి 50 ఏళ్ళ శిక్ష వేసింది. మరుసటి ఏడాది మేలో అతను జైల్లోనే చనిపోయాడు.

ఇదే తర్కం చిలీలో ఇంకో రూపంలో పనిచేసింది. అక్కడి సైనిక నియంత పినోచే 1978లో తన మనుషులకి తానే క్షమాభిక్ష రాసుకున్నాడు. జడ్జి హువాన్ గుస్మాన్ ఏమన్నాడంటే, ఎత్తుకెళ్ళిన మనిషి శవం దొరకనంతవరకూ అపహరణ ఇంకా కొనసాగుతున్నట్టే, కాబట్టి 1978తో ముగిసే మాఫీ దానికి వర్తించదు. స్పెయిన్‌లో మాత్రం ఇలాంటి సందు దొరకలేదు. నియంత ఫ్రాంకో చనిపోయాక 1977లో చేసిన క్షమాభిక్ష చట్టం అక్కడ ఇంకా అమల్లోనే ఉంది. 2008లో విచారణ మొదలుపెట్టిన జడ్జి బల్తసార్ గర్సోన్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది, తర్వాత ఆ విచారణ చేసినందుకే తాను బోనెక్కి, నిర్దోషిగా బయటపడ్డాడు. 2010లో ఫ్రాంకో కాలం బాధితులు న్యాయం కోసం వెళ్ళింది బ్యూనస్ ఎయిర్స్ కోర్టుకే. ఒకప్పటి వలస దేశపు కోర్టులో పాలక దేశపు పౌరులు తమ తాతల గురించి ఫిర్యాదు చేసుకున్నారు.

మనవలు ఏమనుకున్నారు?

ఈ కథలో ఇబ్బందిపెట్టే భాగం ఒకటుంది, దాన్ని దాటవెయ్యకూడదు. పాతికేళ్ళ మనిషి దగ్గరికి వెళ్ళి, నువ్వు అమ్మానాన్న అనుకుంటున్నవాళ్ళు నిన్ను కన్నవాళ్ళు కారు, నిన్ను కన్నవాళ్ళని చంపినవాళ్ళతో వీళ్ళకి సంబంధం ఉంది అని చెప్తే ఎలా ఉంటుంది? పరీక్షలో నిజం తేలితే పెంచినవాళ్ళు జైలుకి వెళ్తారు, దానికి సాక్ష్యం తన రక్తమే. కొంతమంది పరీక్షకి ఒప్పుకోలేదు. 2003లో సుప్రీంకోర్టు ఒక యువతి పక్షాన నిలిచి, పెద్దవాళ్ళ నుంచి బలవంతంగా రక్తం తియ్యకూడదంది. 2009కి వచ్చేసరికి, ఒంటిమీద చెయ్యి వెయ్యకుండా జడ్జి అనుమతితో ఇంట్లోని టూత్‌బ్రష్, దువ్వెన, బట్టల్లాంటి వస్తువుల నుంచి డీఎన్ఏ తీసుకోవచ్చని అదే కోర్టు అంగీకరించింది. అదే ఏడాది చట్టం కూడా వచ్చింది.

ఇది మంచి పరిష్కారమా? పూర్తిగా మంచిదని చెప్పడం కష్టం. పోలీసులు వచ్చి దువ్వెన పట్టుకెళ్ళడం ఆ మనిషికి ఇంకో హింసే. కానీ తెలుసుకోను అనే హక్కుని పూర్తిగా ఒప్పుకుంటే, ఆ బిడ్డని దొంగిలించినవాడికే దానివల్ల లాభం. ముప్పై ఏళ్ళుగా తోబుట్టువు బిడ్డ కోసం తిరుగుతున్న మేనత్తకి, పిన్నికి కూడా నిజం తెలుసుకునే హక్కు ఉంది. రెండు హక్కులూ నిజమైనవే. ఎక్కువ బరువు ఉన్నది రెండో వైపే అని చెప్పడానికి వెనకాడాల్సిన పనిలేదు, ఎందుకంటే ఇక్కడ ప్రైవసీ పేరుతో నిలబడుతున్నది ఒక దొంగ బర్త్ సర్టిఫికెట్. అనుమానం పడ్డ ప్రతి చోటా సంఘం మాట నిజమైందని కూడా అనుకోకూడదు. ఒక పెద్ద మీడియా సంస్థ యజమాని దత్తపిల్లల మీద ఏళ్ళ తరబడి గొడవ నడిచింది, 2011లో పరీక్ష చేస్తే జన్యు బ్యాంకులో ఉన్న ఏ కుటుంబంతోనూ సరిపోలలేదు. సైన్సుకి కట్టుబడితే ఇది కూడా ఒప్పుకోవాలి.

1990ల చివరికి సంఘం పద్ధతి మార్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కాబట్టి మనం వాళ్ళని వెతకడంతోపాటు వాళ్ళే మనల్ని వెతికేలా చెయ్యాలనుకుంది. రాక్ కచేరీలు, నాటకాలు, టీవీ ప్రకటనల ద్వారా, 1975, 1980 మధ్య పుట్టి, తమ పుట్టుక మీద అనుమానం ఉన్నవాళ్ళు రావాలని పిలిచింది. 2014లో ఒలవర్రీయా ప్రాంతంలో పెరిగిన ఒక పియానో వాద్యకారుడికి తాను పెంపుడు బిడ్డనని తెలిసింది. తనంతట తానే పరీక్షకి వెళ్ళాడు. అతను లారా కొడుకు, ఎస్తెలా మనవడు అని ఆగస్టు 5న తేలింది. 36 ఏళ్ళ వెతుకులాటకి సమాధానంగా దొరికిన అతను సంఘం లెక్కలో 114వ మనవడు. చిచా మరియానికి మాత్రం ఆ రోజు రాలేదు. క్లారా అనాహీ ఎక్కడుందో తెలియకుండానే ఆమె 2018 ఆగస్టులో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఈ పోరాటం అర్జెంటీనా దాటి కూడా చట్టమైంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 8వ అధికరణం బిడ్డ గుర్తింపుని, పేరుని, కుటుంబ సంబంధాల్ని కాపాడమంటుంది. దాన్ని చేర్చమని పట్టుబట్టిన దేశం అర్జెంటీనా. మన దేశంతో సహా దాదాపు ప్రపంచమంతా ఒప్పుకున్న ఆ వాక్యం ఈ కేసుల్లోంచే వచ్చింది.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

2025 జూలై నాటికి పరిష్కారమైన కేసులు 140. ఇంకా 300 మందికి పైగా తేలాలి. వాళ్ళకి ఇప్పుడు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. 2023 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన హవియెర్ మిలేయ్ 30,000 అనే అంకె తప్పని ఎన్నికల చర్చలోనే అన్నాడు. ఆయన ప్రభుత్వం 2024 ఆగస్టులో ఒక డిక్రీతో గుర్తింపు హక్కు జాతీయ కమిషన్‌లో ఉన్న ప్రత్యేక దర్యాప్తు విభాగాన్ని రద్దు చేసింది. పాత సైనిక ఫైళ్ళు, ఆస్పత్రి రికార్డులు తిరగేసి, అనుమానాస్పద బర్త్ సర్టిఫికెట్ల వెంట పడే పని ఆ విభాగానిది. గత ప్రభుత్వాలతో ఎన్ని రాజకీయ విభేదాలైనా ఉండొచ్చు, ఖర్చు తగ్గించాలన్న వాదనా వినొచ్చు. కానీ దొంగిలించింది రాజ్యం, దొంగిలించిన కాగితాలు ఉన్నది రాజ్యం దగ్గర. వెతికే బాధ్యతని వయసుడిగిన ఆడవాళ్ళకీ స్వచ్ఛంద విరాళాలకీ వదిలెయ్యడం సమర్థించలేని నిర్ణయం.

1977లో చేరినవాళ్ళలో చాలామంది లేరు. సంఘం బాధ్యతలు దొరికిన మనవలు, తోబుట్టువుల కోసం వెతుకుతున్న అక్కలూ తమ్ముళ్ళూ పంచుకుంటున్నారు. ఎవరైనా ఇప్పుడు అనుమానంతో వస్తే రక్తం పోల్చడానికి కుటుంబాల నమూనాలు బ్యాంకులో సిద్ధంగా ఉన్నాయి. దొరకని మనవడు చనిపోయినా, అతని పిల్లల ద్వారా బంధుత్వం తేల్చే వీలుంది. లోటల్లా ఎవరిని పరీక్షకి పిలవాలో చెప్పే దర్యాప్తులోనే. సైన్యం దగ్గర మిగిలిన రికార్డులు తెరవడం, వాటిని చదివే సిబ్బందిని మళ్ళీ నియమించడం ప్రభుత్వం చేతిలో పని. అనుమానం లేకుండా హాయిగా పెరిగిన మనిషి తనంతట తాను రాడు, అలాంటివాళ్ళని ఆ కాగితాల ద్వారా తప్ప చేరుకోలేం.